ఎడపల్లిలో ఏదైనా అమ్ముడుపోతుంది

2004 జూన్‌లో నా చేతిలో ఉన్నది లక్షా ఎనభై వేల రూపాయలు. మా నాన్న చెంచురామయ్య ఎడపల్లి దగ్గర కాలవ కింద రెండెకరాల చెరకు మడి అమ్మి నా వాటాగా ఇచ్చిన డబ్బు అది. దానికి తోడు ఒక పాత స్కూటరు. బోధన్ బస్టాండు రోడ్డులో అబ్బాస్ భాయ్ గాజుల దుకాణానికి అడ్డంగా చెక్క కొట్టించి విడదీసిన సగం అర. దాని అద్దె నెలకు పన్నెండు వందలు. నా వయసు ఇరవై ఏడు. అప్పు లేదు, అనుభవమూ లేదు.

అబ్బాస్ భాయ్ వాళ్లు మూడు తరాలుగా బోధన్‌లో గాజులమ్ముతున్నారు. మొదటిరోజు నేను బొట్టుబిళ్లల అట్టలు మేకులకు తగిలిస్తుంటే అతను చెక్క మీదుగా తల పెట్టి చాలాసేపు చూశాడు.

"చెరుకు నరికే చేతులు బిళ్లలు లెక్కవెడుతున్నయి. ఖయామత్ దగ్గరికొచ్చినట్టే, దునియా ఖతమే" అన్నాడు.

దుకాణానికి నా భార్య పేరు పెట్టాను, విజయశ్రీ వెరైటీ స్టోర్స్ అని. దువ్వెనలు, రిబ్బన్లు, స్టీలు గిన్నెలు, బకెట్లు, ఆటబొమ్మలు, ఫోటో ఫ్రేములు. ఇంటికి కావలసినదీ, అక్కర్లేకపోయినా చూడగానే కొనబుద్ధయ్యేదీ అన్నీ ఉండేవి. మొదటి ఏడాది ఖర్చులు పోను నలభై ఒక్క వేలు మిగిలాయి. రెండో ఏడాది బడులు తెరిచే ముందు హైదరాబాద్ బేగంబజార్ నుంచి ఆరువందల ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు తెచ్చాను. మూతలు బిగువు. పిల్లలు తీయలేక అన్నం తినకుండా ఇళ్లకు తిరిగొచ్చారు. నూట పది అమ్ముడుపోయాయి. మిగతావి నాలుగేళ్లు అటక మీద కూర్చున్నాయి.

చెరకు రైతు బిడ్డకు ఈ పాఠం కొత్తది కాదు. నరికిన చెరకు నిలిస్తే ఎండుతుంది, ఎండితే తూకం తగ్గుతుంది. చిన్నప్పుడు నాన్నతో బండి మీద వెళ్లి ఫ్యాక్టరీ కాటా దగ్గర వరసలో కూర్చున్నప్పుడు పెద్దవాళ్లందరి మాటా అదే. కాటా దగ్గర కొమురయ్య అని కుర్ర గుమాస్తా ఒకడుండేవాడు. షిఫ్టు దిగేలోపు యార్డులో ఒక్క బండి మిగిలినా అతనికి అన్నం సహించదని రైతులు చెప్పుకునేవారు. అవసరమైతే తనే దిగి ఎడ్లను అదిలించి బండిని కాటా మీదికి ఎక్కించేవాడు.

ఆ యార్డును తలుచుకునే నేను నా పద్ధతి పెట్టాను. ఒక దుకాణంలో తొంభై రోజులు కదలని సరుకు ఇంకక్కడ ఉండకూడదు. గురువారం టెంపో వస్తుంది, దాన్ని ఎత్తుకుని పక్క దుకాణంలో దింపుతుంది. ఒక ఊళ్లో మొహం తిప్పుకున్న సరుకును ఇంకో ఊళ్లో ఎగబడి కొంటారు. బోధన్ తర్వాత నిజామాబాద్‌లో రెండు దుకాణాలు, ఆర్మూర్, పసుపు డబ్బులు చేతిలో పడగానే స్టీలు సామాను కొనే మోర్తాడ్, ఆ తర్వాత మాక్లూర్, చివరికి 2016లో ఎడపల్లి. మొత్తం ఏడు. టెంపో నిజామాబాద్‌లో బయల్దేరి అన్నీ తిరిగి, బోధన్ చూసుకుని, ఆఖరున ఎడపల్లిలో ఆగేది. ఎడపల్లి తర్వాత సరుకు పోవడానికి ఇంకో దుకాణం లేదు.

ఆ ఆఖరు దుకాణాన్నే కొమురయ్యకు ఇచ్చాను.

చక్కెర ఫ్యాక్టరీ గేటు మూతపడి అప్పటికి ఎనిమిది నెలలు. అతనికి యాభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాటా చిట్టీలు పెట్టుకునే రేకు డబ్బా చంకలో పెట్టుకుని బోధన్ దుకాణానికి వచ్చాడు. ఆ డబ్బాలో ఏముందని అడిగితే సర్టిఫికెట్లన్నాడు.

"నాకు దుకాణం పని రాదు సేటు. కానీ లెక్క తప్పది" అన్నాడు.

"కాటా చూసినోడివి, ఇంకేం కావాలి కొమురన్నా. యార్డు ఎట్లా చూసుకున్నావో దుకాణం అట్లా చూసుకో. ఏదీ నిలవకూడదు, అంతే" అన్నాను.

"నిలవది" అన్నాడు.

నెలకు తొమ్మిది వేల జీతం, అమ్మకం మీద వందకు రెండు రూపాయల కమీషన్. ఆ రోజు చౌకగా దొరికాడని సంతోషించాను. అది కూడా రాయకపోతే లెక్క పూర్తి కాదు.

మరుసటి ఏడాది మాక్లూర్ దుకాణం మూడు విడతలు వరసగా సరుకు నిలబెట్టుకుంది. మూసేశాను. అక్కడి మేనేజరును పనిలోంచి తీసేసి, మిగతా ఆరుగురినీ నిజామాబాద్ పిలిపించి చాయ్ తాగించి ఒక్క మాట చెప్పాను. సరుకు నిలిచిన దుకాణం నిలవదు. అందరూ తలూపారు. కొమురయ్య ఆ మాటను రేకు డబ్బాలోంచి తీసిన కాగితం మీద రాసుకున్నాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఎడపల్లిలో సరుకు నిలవలేదు. మూడు నెలలకోసారి లెక్క చూస్తే ఆఖరు గీత కింద సున్నా. నిజామాబాద్‌లో పోనిది, ఆర్మూర్‌లో పోనిది, బోధన్‌లో అబ్బాస్ భాయ్ గాజులకు వచ్చిన ఆడవాళ్లు కూడా ముట్టనిది, ఎడపల్లిలో వారం పది రోజుల్లో అమ్ముడుపోయేది. అదీ నిండు ధరకు. ప్రతి దసరాకు మొదటి బహుమతి కింద కొమురయ్యకు ఒక పెద్ద స్టీలు పాత్ర ఇచ్చేవాణ్ని. "ఎడపల్లి దాకా పోతే రాయైనా అమ్ముడుపోతది" అని మేనేజర్లలో ఒక సామెత పుట్టింది. నేనూ బేగంబజార్‌లో ధైర్యంగా కొంటూ పోయాను. టోకు వ్యాపారి పక్కకు నెట్టిన సరుకును సగం ధరకు ఎత్తుకొచ్చేవాణ్ని. నాకు సరుకు కన్ను ఉందని ఆ వీధిలో పేరొచ్చింది. నేనూ నమ్మాను.

2025లో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆరు దుకాణాలూ కొంటామని వచ్చింది. మూడు కోట్ల నలభై లక్షలు. నాకు అమ్మే అవసరం ఉంది. నిజామాబాద్ రెండో దుకాణాన్ని మేడగా కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తొంభై రెండు లక్షలు తీసుకున్నాను. ఫోన్లలో సామాను కొనే అలవాటు పెరిగాక అమ్మకాలు ఆ అప్పుకు చాలడం లేదు. ఈ బేరం కుదిరితే ఇల్లు నాది. కుదరకపోతే మరో ఏడాదిలో బ్యాంకుది. విజయశ్రీకి ఈ మాట పూర్తిగా చెప్పలేదు.

కంపెనీవాళ్ల కన్ను పడింది కూడా ఎడపల్లి మీదే. చిన్న ఊరు, తక్కువ అద్దె, సున్నా నిలవ. ఆ నమూనాలో నలభై మండలాల్లో దుకాణాలు తెరుస్తామన్నారు. లెక్కలు చూడటానికి దీక్షిత అని ఒక అమ్మాయిని పంపారు. నాలుగు రోజులు మా ఆఫీసులో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోది తిని, చాయ్ కూడా వద్దని, కంప్యూటరు మీద వంగి పనిచేసింది. శుక్రవారం మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"సార్, ఎడపల్లిలో ఆదివారం పొద్దున ఎనిమిది నలభైకి ఒక బిల్లు పడుతుంది. దుకాణం తెరిచేది తొమ్మిదిన్నరకు కదా?"

"ఆదివారం అంగడి ఉంటుందమ్మా. తొందరగా వచ్చేవాళ్లుంటారు."

"ప్రతి ఆదివారం సార్. కంప్యూటరు పెట్టిన 2018 నుంచి. బిల్లు ఒక్కటే, మొత్తం నగదు. రెండు వేలకు కాస్త అటూ ఇటూ. జనవరిలో పన్నెండు గొడుగులు. వేసవిలో చెవులకు చుట్టుకునే ఉన్ని టోపీలు పదహారు." కాగితం నా వైపు తిప్పింది. "ఈ ఒక్క బిల్లు తీసేస్తే ఎడపల్లి కూడా మిగతా దుకాణాల్లాంటిదే. కాస్త తక్కువే."

నేను కాగితం మీద తేదీలు వేలితో చూసుకుంటూ పోయాను.

"తప్పని అనడం లేదు సార్. పెద్ద కస్టమరు ఉంటే మంచిదే. పేరు రాసుకోవాలి, అంతే. సోమవారం చెప్పండి."

ఆ రెండు రోజులు మనసులో బేరీజు వేస్తూనే ఉన్నాను. కొమురయ్య ఏదో చేస్తున్నాడు. కమీషన్ కోసం దొంగ బిల్లులా? రెండు రూపాయల కోసం వంద ఎవడు కడతాడు? తండాల్లో తిప్పి రెట్టింపుకు అమ్ముకుంటున్నాడా? అయితే ఆ గిరాకీ నాది, వాడు తిన్నాడు. అదే అయి ఉండాలని నిర్ణయించుకున్నాను. కోపంతోపాటు కొంచెం మెచ్చుకోలు కూడా కలిగింది.

ఆదివారం ఎనిమిదింటికి ఎడపల్లి చేరి, కారు దూరంగా పెట్టి, మా దుకాణం ఎదుటి చాయ్ హోటల్లో కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు కొమురయ్య మోపెడ్ మీద వచ్చాడు. షట్టరు సగం ఎత్తి వంగి లోపలికి పోయాడు. లైటు వేశాడు. గురువారం టెంపోలో వచ్చిన అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి, ధర చీటీ చూసి, బిల్లు కొట్టాడు. చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి, ఉమ్మి తడి పెట్టుకుని లెక్కించి, గల్లాపెట్టెలో వేశాడు. చిల్లర వెనక్కి తీసుకున్నాడు. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొనుక్కున్న సరుకును సంచిలో కట్టి మోపెడ్ మీద పెట్టుకుని, షట్టరు దించి, వచ్చిన దారినే పోయాడు.

ఊరు చిన్నది. రైస్ మిల్లు వెనక అతని ఇల్లు అందరికీ తెలుసు. ఒక్క నాకే తెలియదు, చాయ్ హోటల్లో అడిగి వెళ్లాను. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ నన్ను ఇంటికి పిలవలేదు. పిలవనందుకు నేనూ ఏమీ అనుకోలేదు.

వాకిట్లో తాటాకు పందిరి. పందిరి కింద మంచం, దాని మీద మడిచిన దుప్పట్లు. పక్కన చాట ఒళ్లో పెట్టుకుని ఒక ఆడమనిషి బీడీలు చుడుతోంది. అతని భార్య హన్మవ్వ. నన్ను చూసి లేవలేదు.

"వచ్చిండు" అంది లోపలికి. "నీ సేటు వచ్చిండు. ఇగ దాస్కో ఎట్ల దాస్తవో."

కొమురయ్య గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో సంచి ఇంకా కిందపెట్టలేదు.

"సేటు, ఈడ కూసోండ్రి. చాయ్ వెట్టిపిస్త. లోపట అంత సామాన్ ఉంది."

"ఉంటది మరి" అంది హన్మవ్వ. "సేటు సూడనీ. సామాన్ ఆయనదే గదా."

నేను అతన్ని పక్కకు జరిపి లోపలికి వెళ్లాను.

రెండు గదులు, ఒక వంటిల్లు. నేల నుంచి దూలాల దాకా సంచులు, అట్టపెట్టెలు. మనిషి పక్కకు తిరిగితే పట్టేటంత దారి మధ్యలో వదిలాడు. అన్నీ వరసల్లో, చెరకు బండ్లు నిలబెట్టినట్టు. ప్రతి సంచికీ చీటీ. తేదీ, సరుకు పేరు, ఎన్ని, ఎంత. కాటా గుమాస్తా అందమైన రాత. పైవరసలో సంచి మూతి ఊడి, చిలక ఆకారం సబ్బుపెట్టెలు కనిపిస్తున్నాయి. 2019లో నేనే ఏరి తెచ్చాను, పోటీగా ఇంకొకడు పట్టుకుంటే లాక్కుని మరీ. వాటి పక్కన ముత్యాల అంచు ఫోటో ఫ్రేములు. బస్సులో మెడకు చుట్టుకునే దిండ్లు. పచ్చరంగు గులాబీలు. వంటింట్లో పొయ్యి ముందు చాప వేసేంత స్థలమే ఉంది, దాని చుట్టూ గొడుగులు. ఎనిమిదేళ్ల నా తెలివంతా అక్కడుంది, ఒక్కటి కూడా ఊరు దాటలేదు.

లెక్కపెట్టబోయాను. మొదటి వరసలో పద్నాలుగు సంచులు. రెండో వరస మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయాను. మళ్లీ మొదలుపెట్టాను. అట్లా మూడుసార్లు. జీవితంలో ఎప్పుడూ నాకు లెక్క తప్పలేదు. గోడ పట్టుకుందామంటే గోడ కనపడలేదు, అట్టపెట్టెలే ఉన్నాయి.

"ఎందుకు కొమురన్నా?" అన్నాను.

"నిలవద్దన్నరు గద సేటు."

"నిలిస్తే వాపస్ పంపొచ్చు. ఫోన్ చెయ్యొచ్చు. నన్ను తిట్టొచ్చు."

"మాక్లూర్ల నిలవడ్డది. మూసిండ్రు." అతను సంచి నెమ్మదిగా కిందపెట్టాడు. "నేనొక గేటు మూసుడు సూసిన సేటు. లోపట గంట కొట్టలే, ఏం జెప్పలే. పొద్దుగాల పోతే తాళం. ఇంకొకటి సూడ నాతోని కాదనుకున్న. మొదటిసారి నాలుగు దువ్వెన్ల డబ్బలు మిగిలినయి. నేనే కొన్న. గంతే, యార్డు ఖాలీ అయింది. పానం నిమ్మలపడ్డది. మళ్ల వచ్చే వారం ఇంకొన్ని వచ్చినయి."

"గంతేనంట" అంది హన్మవ్వ. చేతులు ఆగలేదు. ఆకు చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. "పీఎఫ్ పైసలు మూడు లచ్చల పది వేలు. అవి మూడేండ్లు నడిచినయి. తర్వాత జీతం. నేను బీడీలు జేసి బియ్యం దెస్త, ఈయన జీతం దెచ్చి సబ్బువెట్టెలు దెస్తడు. ఇంట్ల కాళ్లు సాపి పండి ఆరేండ్లయింది. వానకు గూడ పందిర్లనే."

"గొడుగులున్నయి గద" అన్నాడు కొమురయ్య మెల్లగా.

ఆమె అతని వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ ఆకు తీసుకుంది.

రేకు డబ్బాలో బిల్లులన్నీ ఉన్నాయి. కంప్యూటరుకు ముందువి చేతిరాతవి. కూడిక అతనే వేసి పెట్టాడు. ఎనిమిది లక్షల అరవై వేలు. నిండు ధరకు కొన్నాడు కాబట్టి అందులో దాదాపు మూడు లక్షలు నాకు లాభం. వాళ్ల పందిరి మీద వాన కురిసిన ఆరేళ్లూ నేను లాభం వేసుకున్నాను, దసరాకు స్టీలు పాత్ర ఇచ్చాను.

కంపెనీ సంగతి చెప్పాను. ఆదివారం బిల్లు ఎవరిదో రేపు చెప్పాలన్నాను. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నా పేరు రాయించుండ్రి. గంప వ్యాపారం చేస్తనని చెప్త. ఊర్లు తిరిగి అమ్ముతనని చెప్త. సంతకం వెడ్త."

"అబద్ధం కదా."

"ఏం అబద్ధం? పైసలిచ్చి కొన్న. బిల్లుంది. గీ సంగతి బైట వడితే ఎడపల్లి మూస్తరు సేటు. మీ బేరం పోతది, నా దుకాణం పోతది. ఎవలికి లాభం?"

అతను చెప్పింది వ్యాపారం లెక్కలో నూటికి నూరుపాళ్లు సరైనది. నేనే అతనికి నేర్పి ఉంటే ఇంతకంటే బాగా చెప్పలేడు. సరేనని గాని వద్దని గాని అనకుండా బయటికొచ్చాను. కారు ఎక్కడ పెట్టానో గుర్తు రాక ఊరంతా ఒకసారి తిరిగాను.

తిన్నగా బోధన్ వెళ్లి అబ్బాస్ భాయ్ దుకాణంలో కూర్చున్నాను. ఇంకా మనుషులు రాలేదు. గాజుల తోరణాలు దులుపుతున్నాడు. జరిగింది చెప్పాను. అతను దులపడం ఆపలేదు.

"అందరికీ ఎరుకే గద మహేష్ భాయ్" అన్నాడు.

"ఏం ఎరుక?"

"కొమురయ్య కొనుడు. మేనేజర్లందరికీ ఎరుకే. గందుకే గద ఇష్టమొచ్చినట్టు మాల్ ఎత్తి టెంపోల పడేస్తున్నరు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అప్పుడు గుడ్డ పక్కన పెట్టి నా మొహం చూశాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నువ్వే చేయిస్తున్నవనుకున్నం. జీతం ఒక చేత్తోని ఇచ్చి ఇంకో చేత్తోని తీస్కుంటున్నవనుకున్నం. హుషారు మనిషివి, నీకు ఎరుక లేకుంట దువ్వెన కదులుతదా? నా బీవీ జహీరున్నీసా గూడ అన్నది, పాపం కొమురయ్య, మహేష్ భాయ్ పట్టు గట్టిదని."

ఇరవై ఒక్క ఏళ్ల స్నేహితుడు. చెక్క అవతల నుంచి నన్ను రోజూ చూసినవాడు. నేను అట్లాంటి పని చేయగలనని నమ్మాడు. నమ్మి, నాతో చాయ్ తాగుతూనే ఉన్నాడు. అతను తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ని. తిట్టలేదు. నేనిలాంటి వాడినేనని ఎప్పుడో సర్దుకున్నాడు. కొమురయ్య ఇంట్లో తగిలిన దెబ్బ కంటే ఇది లోతుగా దిగింది. అతనే చాయ్ తెప్పించాడు. చల్లారిపోయింది.

ఇంటికి వెళ్లాక విజయశ్రీకి ఇల్లు తాకట్టు సంగతితో సహా అన్నీ చెప్పాను.

"దుకాణాల మీద ఉన్నది నా పేరు. నన్ను కూడా అట్లానే అనుకుంటున్నారన్నమాట" అంది విజయశ్రీ.

సోమవారం దీక్షితకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ధర్మం కోసం చెప్పానని రాయను. ఒప్పంద పత్రంలో మూడేళ్ల షరతు ఉంది. లెక్క తప్పని తేలితే డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి. ఆ కంపెనీ నలభై మండలాల్లో ఎడపల్లి లాంటి దుకాణాలు తెరవబోతోంది. నలభై మంది కొమురయ్యలు వాళ్లకు దొరకరు. ఏడాది తిరక్కుండా నా దగ్గరికే వస్తారు. ఒకవేళ దొరికినా, ఆ నలభై ఇళ్ల గురించి నేను ఆలోచించదలచుకోలేదు. ఈ రెండో సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆమె అంతా విని పెన్ను మూత పెట్టింది.

"ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?" అని అడిగింది.

"ఇద్దరు."

"అది నేను రాయనక్కర్లేదు" అంది. మిగతాది రాసుకుంది.

పదిరోజులకు జవాబు వచ్చింది. ఎడపల్లి వద్దు. మిగతా ఐదు దుకాణాలకు రెండు కోట్ల ఐదు లక్షలు. ఒక్క పేరు చెప్పినందుకు కోటీ ముప్పై ఐదు లక్షలు తగ్గింది. బేరమాడే బలం లేక సంతకం పెట్టాను.

తర్వాత కొమురయ్య కొన్నదంతా వెనక్కి తీసుకుంటానని చెక్కు పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. అతను తీసుకోలేదు.

"అమ్మిన సరుకు వాపస్ తీస్కోబడదని మీరే బోర్డు వెట్టిండ్రు సేటు. కొన్నోడు నేను. వాపస్ జేస్తే ఎనిమిదేండ్ల నా రికార్డు ఏంగావాలె? యార్డుల మాల్ నిలవడ్డట్టే గద?"

"రికార్డు ఎవరూ చూడరు కొమురన్నా."

"నేను సూస్త."

లోపలికి పోయి దసరా పాత్రలన్నీ బయటికి తెచ్చి నా ముందు పెట్టాడు. ఇవి కూడా తీసుకుపొమ్మన్నాడు. ఎనిమిది. మొదటిదాని మీద ధర చీటీ కూడా చించలేదు.

హన్మవ్వ చాట దించి లేచింది. ఆమె నా ముందు లేవడం అదే మొదటిసారి. నా చేతిలోంచి చెక్కు తీసుకుని చదివింది. అంకెలు వేలితో ఒకటికి రెండుసార్లు చూసింది. మడిచి రవికలో పెట్టుకుంది.

"ఆయన కొన్నడు, నా బియ్యం తిని కొన్నడు. గందుకే నేను వాపస్ ఇస్తున్న. ఇగ గిన్నెలు మాత్రం ఇయ్య. గవి నాయి." పాత్రలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని లోపలికి నడిచింది. గుమ్మంలో ఆగింది. "టెంపో ఎప్పుడొస్తది?"

"గురువారం."

"గురువారం దాకా ఎందుకు? రేపు తోలు."

మరునాడే తోలాను. టెంపో మూడుసార్లు తిరిగింది. కొమురయ్య ప్రతి సంచినీ కాటా దగ్గర నిలబడ్డట్టు నిలబడి, చీటీ చదివి, టిక్కు పెట్టి దింపించాడు. ఐదు వేల మూడు వందల పన్నెండు వస్తువులు. వెనక గదిలో నేల కనపడ్డాక హన్మవ్వ చాప తెచ్చి పరిచి, కాళ్లు చాపి పడుకుంది. మేమిద్దరం ఇంకా అక్కడే ఉన్నాం. ఆమె పట్టించుకోలేదు.

ఎడపల్లి దుకాణం అమ్మలేదు. కొనేవాడు లేడు. కొమురయ్య ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. జీతం పద్దెనిమిది వేలు చేశాను, తొంభై రోజుల పద్ధతి తీసేశాను. దానివల్ల అతనికి నిద్ర పట్టడం లేదని, అర్ధరాత్రి లేచి దుకాణం తాళం చూసొస్తున్నాడని హన్మవ్వ చెప్పింది. నెలకోసారి ఫోన్ చేసి, "గిన్ని నిలవడ్డయి సేటు" అని అంకె చెప్తాడు. సరే అంటాను.

ఆ ఐదు వేల మూడు వందల పన్నెండు వస్తువులను ఆదివారం అంగళ్లలో బట్ట పరిచి, ఎంత అడిగితే అంతకు ఇచ్చేశాను. మూడు నెలలు పట్టింది. డెబ్భై ఒక్క వేల మూడు వందలు వచ్చాయి. చిలక సబ్బుపెట్టెలు ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోలేదు.

ఇక ఆఖరు లెక్క. వచ్చింది రెండు కోట్ల ఐదు లక్షలు. బ్యాంకుకు తొంభై రెండు లక్షలు. బేగంబజార్ వ్యాపారులకు ఇరవై మూడు. పన్ను పద్నాలుగు. మేనేజర్లకు, పనివాళ్లకు పదకొండు. హన్మవ్వకు ఎనిమిది లక్షల అరవై వేలు. పోగా మిగిలింది యాభై ఆరు లక్షల నలభై వేలు, తాకట్టు విడిపించుకున్న ఇల్లు, ఎడపల్లిలో ఒక దుకాణం. అంగట్లో వచ్చిన డెబ్భై ఒక్క వేల మూడు వందలను అందులో కలపలేదు, విడిగా రాసి పెట్టుకున్నాను. నా సరుకు కన్నుతో నేను సంపాదించింది అదొక్కటే.